శనివారం ప్రెస్ దగ్గర వినిపించే భాష

మీలో ఎవరైనా శని, ఆదివారాల్లో ఏజెన్సీ వ్యాన్ ఎక్కి ప్లాంట్లలో పనికి వెళ్లేవాళ్లుంటే, ఇది మీ కోసం రాస్తున్నాను. ఆఫీసులో కూర్చుని, ఎవరు ఎక్కడ ఏ భాష మాట్లాడతారో చార్టు చూసి తేల్చేవాళ్లుంటే, మీ కోసం ఇంకాస్త ఎక్కువగా రాస్తున్నాను. మా ప్లాంటులో అలాంటి చార్టు ఒకటి నమ్ముకున్నందుకు ఒక అమ్మాయి వేలు పోయింది. నెపమంతా చార్టు మీద వేసి నేను తప్పించుకోను. అందులో నా చెయ్యి కూడా ఉంది. కానీ ఆ తప్పును ఆ అమ్మాయి నెత్తిన రుద్దడానికి వచ్చిన కాగితం మీద మాత్రం నేను సంతకం పెట్టలేదు. ఇప్పుడు తెచ్చి ముందు పెట్టినా పెట్టను.

కెనడాలోని గ్వెల్ఫ్‌లో, కారు తలుపుల చుట్టూ ఉండే రబ్బరు అంచులు తయారుచేసే ప్లాంటులో నేను పంతొమ్మిదేళ్లు పనిచేశాను. అంతకుముందు తెనాలిలో హైస్కూలు పిల్లలకు సోషల్ చెప్పేదాన్ని. ఇక్కడికొచ్చాక నా బీఎడ్ సర్టిఫికెట్ సూట్‌కేసులోంచి బయటికి రాలేదు. లైను మీద రబ్బరు ముక్కలు కోయడంతో మొదలుపెట్టి, పదకొండో ఏట కొత్తవాళ్లకు పని నేర్పే ట్రైనర్‌నయ్యాను. మళ్లీ నలుగురి ముందు నిలబడి ఏదో ఒకటి చెప్పే ఉద్యోగం దొరికిందని నాకు లోపల కొంచెం గర్వంగా ఉండేది. ఆ గర్వమే నన్ను దెబ్బతీసింది. అది తర్వాత చెబుతాను.

నాకు ఆ ప్లాంటులో పని నేర్పింది ఒక ఫిలిప్పీన్స్ ఆవిడ. నాకంటే నాలుగేళ్లు పెద్దది. అందరూ ఆవిడను ‘ఆతె’ అనేవాళ్లు. మొదట్లో అది మన ‘అత్త’లా వినిపించి, ఇంతమందికి ఈవిడ అత్త ఎలా అయింది అనుకున్నాను. వాళ్ల తగాలోగ్‌లో ఆతె అంటే అక్క. నేనూ ఆతె అనే పిలిచాను. పొట్టి మనిషి, గొంతు మాత్రం ప్లాంటు ఆ చివరిదాకా వినిపించేది. ఆవిడ లైనులో లీడ్ హ్యాండ్, అంటే పదిమంది పని చూసుకునే మనిషి. ప్లాంటు సేఫ్టీ కమిటీలో పనివాళ్ల తరఫు సభ్యురాలు కూడా.

వారాంతం కాని రోజుల్లో మా ప్లాంటులోకి అడుగుపెడితే ఇంగ్లిష్ తర్వాత వినిపించేది తగాలోగే. ప్యాకింగ్ దగ్గర, లంచ్ రూమ్‌లో మైక్రోవేవ్ ముందు, పార్కింగ్‌లో మంచు గీకుతూ, అంతటా అదే. ఆ కుటుంబాలు చాలావరకు గ్వెల్ఫ్‌లోనే స్థిరపడినవి. పిల్లలు ఇక్కడి బళ్లలో చదివారు. చర్చికి వెళ్లినా, టిమ్స్‌లో కాఫీ లైనులో నిలబడినా ఒకరికొకరు తగిలేవారు. వాళ్లు ఆ భాషలో నవ్వుకునేవారు, పాడుకునేవారు, మేనేజర్లను తిట్టుకునేవారు. పని మాటలకు మాత్రం చక్కటి ఇంగ్లిష్ వాడేవారు.

గుజరాతీ మా ప్లాంటుకు తర్వాత వచ్చింది. కాలేజీలన్నీ విదేశీ విద్యార్థులతో కిక్కిరిసిపోయిన రోజులవి. మా వాళ్లకు ఆర్డర్లు పెరిగాయి, వారాంతంలో ప్రెస్‌లు ఖాళీగా ఉంచలేక పనివాళ్లను పంపే ఏజెన్సీకి చెప్పారు. శనివారం ఉదయం రెండు వ్యాన్లు వచ్చేవి. ఒకటి బ్రాంప్టన్ నుంచి, ఒకటి కిచెనర్ నుంచి. తెలుగు పిల్లలు ముగ్గురు, పంజాబీ వాళ్లు కొందరు ఉండేవాళ్లు. మిగిలిన వాళ్లంతా గుజరాతీలు. ఒకరు రమ్మంటే ఒకరుగా, ఒకే బేస్‌మెంట్లలో ఉంటూ ఒకే వ్యాన్లో వచ్చినవాళ్లు. ఏజెన్సీ వాళ్లందరినీ మోల్డ్ ప్రెస్‌ల మీద వేసేవారు. మా ప్లాంటులో కష్టమైన పని అదే. రెండు రబ్బరు ముక్కలను అచ్చులో పెట్టి బటన్లు నొక్కితే, వేడి అచ్చు మూసుకుని వాటిని అతికిస్తుంది. ముక్క లోపల ఇరుక్కుంటే వెనకవైపు తలుపు తీసి లాగాలి. అలా లాగే ముందు కరెంటు ఆపి, స్విచ్‌కి తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకోవాలి. ఇంతకంటే ఎక్కువ టెక్నికల్ సంగతులు మీకు అక్కర్లేదు.

వాళ్లలో ఇరవై ఆరేళ్ల అమ్మాయి ఒకతె ఉండేది. మెహసానా దగ్గర ఏదో ఊరు. కాలేజీలో సప్లై చైన్ డిప్లొమా చదువుతోంది. ఆడవాళ్లందరినీ బెన్ అని పిలిచేది కాబట్టి అందరూ ఆమెనూ బెన్ అనేవారు. బెన్ అన్నా అక్కచెల్లెలే. అలా నాకు ప్లాంటులో ఒక భాషలో అక్క, ఇంకో భాషలో చెల్లెలు ఏర్పడ్డారు. నన్ను మాత్రం ఇద్దరూ ఆంటీ అనేవారు. నాకంటే పెద్దదైన ఆతె కూడా ఇండియా పిల్లలను చూసి అదే నేర్చుకుంది.

ఆ ఏడాది పెద్ద కస్టమర్ ఒకరు ఆడిట్‌కి వస్తామన్నారు. హెచ్చరిక బోర్డులు ఇంగ్లిష్‌లో మాత్రమే ఉంటే చాలదని, పనివాళ్లు మాట్లాడే ఇంకో భాషలో కూడా ఉండాలని అడిగారు. ప్లాంట్ మేనేజర్ మీటింగ్ పెట్టాడు. ఆయన ఇక్కడే పుట్టి పెరిగిన మనిషి, మర్యాదస్తుడు, అంకెలంటే ప్రాణం. గోడ మీద ఒక చార్టు వేశాడు. గ్వెల్ఫ్ ఇళ్లలో ఏ భాష ఎంత మాట్లాడతారో చూపించే రంగుల చార్టు. అందులో తగాలోగ్ గీత పొడుగ్గా ఉంది. గుజరాతీ గీతను వెతుక్కోవాల్సి వచ్చింది. పక్కనే మా కంపెనీ పేరోల్ పెట్టాడు. అందులోనూ అంతే. ఏజెన్సీ వాళ్లు మా పేరోల్లో ఉండరు కదా.

“సో, తగాలోగ్. ఎవరికైనా అభ్యంతరమా?” అన్నాడు.

నేను చెయ్యి ఎత్తాను. వారాంతం వాళ్లు గుజరాతీలని చెప్పాను.

“గుజరాతీ వాళ్లుండేది బ్రాంప్టన్‌లో. మనం బ్రాంప్టన్‌లో లేము,” అన్నాడు నవ్వుతూ. తర్వాత నావైపు తిరిగి, “వాళ్లకు హిందీ వచ్చు కదా? మీకూ వచ్చు. మీరు చూసుకోలేరా?” అని అడిగాడు.

ఇక్కడే నా తప్పు. నలుగురి ముందు నన్నలా అడిగేసరికి పొంగిపోయాను. “చూసుకుంటాను” అన్నాను. నా హిందీ ఎలాంటిదో నాకు తెలియదా? తెనాలిలో పదో తరగతి పాస్ మార్కుల హిందీ, ఆపైన సినిమాల హిందీ. తెలుగు వాక్యాన్ని మనసులో కట్టుకుని మాటకు మాట హిందీ మాట పెట్టి బయటికి వదిలే హిందీ. అక్కడ ఆతె నా పక్కనే కూర్చుంది. మీటింగ్ అయ్యాక, “నీకు అంత బాగా వచ్చా ఆ భాష?” అని అడిగింది. వచ్చన్నాను.

ఆ శనివారం ట్రైనింగ్ రూమ్‌కి తాళం వేసి ఉంది. ఆఫీసు వాళ్లు వారాంతంలో రారు. తాళంచెవి అడగడానికి ఎవరూ లేరు. నేను ఎనిమిది మందిని మూడో ప్రెస్ పక్కన నిలబెట్టి, అది నడుస్తుండగానే చెప్పాను. అందరి చెవుల్లోనూ ఇయర్ ప్లగ్స్. ప్రెస్ మీద లైటు ఆరినంత మాత్రాన అది ఆగినట్టు కాదని, తర్వాతి ముక్క కోసం చూస్తోందని, అప్పుడు కూడా చెయ్యి పెట్టొద్దని చెప్పాలి. తెలుగులో ‘వద్దు’ చివర వస్తుంది. నేను అలాగే అన్నాను: “లైట్ బంద్ హో తో భీ హాథ్ డాలో మత్.” అందరూ తలూపారు. అర్థమైందని కాగితం మీద సంతకాలు పెట్టారు. తాళం సంగతి నేను చేసి చూపించాను, వాళ్లు చూశారు. గంటలో ముగించి, ఎనిమిది సంతకాలూ ఫైల్లో పెట్టి, మంచి టీచర్‌ననుకుంటూ ఇంటికి వెళ్లాను.

రెండు వారాల తర్వాత శనివారం, భోజనాల వేళకు కాస్త ముందు, మూడో ప్రెస్ దగ్గర ఒక అరుపు వినిపించింది. నేను పరుగెత్తేసరికి ఆతె అక్కడే ఉంది. ఆ వారం ఓవర్‌టైమ్‌కి వచ్చింది. ప్రెస్ ఆపేసి, బెన్‌ని నేల మీద కూర్చోబెట్టి, కుడిచేతిని తన ఆప్రాన్‌తో చుట్టి పైకెత్తి పట్టుకుంది. బెన్ ఏడవడం లేదు. ముఖం సున్నం కొట్టినట్టుంది. తన భాషలో ఏదో ఒకే మాట పదే పదే అంటోంది. చుట్టూ నిలబడ్డ పిల్లలు ఆమెతో గుజరాతీలో మాట్లాడుతున్నారు, ఆతె తగాలోగ్‌లో దేవుణ్ని తలుచుకుంటోంది. నాకు ఏ భాషా రాలేదు.

మధ్యవేలు మొదటి కణుపు దాకా పోయింది. చూపుడువేలు కాలింది కానీ నిలిచింది.

మర్నాడు హాస్పిటల్‌కి వెళ్లాను. ఆమె రూమ్మేట్ ఒకమ్మాయి పక్కన కూర్చుని ఉంది. నన్ను చూడగానే బెన్ మొదట అడిగింది వేలి గురించి కాదు. “ఆంటీ, నా స్టడీ పర్మిట్‌కి ఏమైనా అవుతుందా?” అంది హిందీలో. పనిలో దెబ్బ తగిలితే పర్మిట్ పోదని, నేను కనుక్కునే వచ్చానని చెప్పాను. నమ్మినట్టు లేదు. అప్పుడు అడిగాను, లోపల చెయ్యి ఎందుకు పెట్టావమ్మా అని.

ఆమె నావైపు వింతగా చూసింది. “మీరే కదా చెప్పారు. లైటు ఆరితే చెయ్యి పెట్టమన్నారు.”

“పెట్టొద్దన్నాను.”

“లైట్ బంద్ హో తో హాథ్ డాలో, అన్నారు.”

రూమ్మేట్ తలూపింది. ఆమె కూడా అదే విన్నదట. మరి తాళం దేనికనుకున్నారు అని అడిగాను. షిఫ్ట్ అయ్యాక ఎవరూ మెషిన్ ముట్టకుండా వేస్తారనుకున్నామన్నారు. దుకాణానికి వేసినట్టు.

 నా వాక్యం చివరి మాట, వద్దని చెప్పే ‘మత్’, ప్రెస్ మోతలో పోయింది. ఆరినా సరే అని చెప్పే ‘భీ’ కూడా పోయింది. మిగిలింది సరిగ్గా దానికి వ్యతిరేకమైన ఆజ్ఞ. ఆ అమ్మాయి అజాగ్రత్తగా ఉండలేదు. నేను చెప్పిందని తను విన్నదాన్ని అక్షరాలా చేసింది.

సోమవారం ఉదయం నా టేబుల్ మీద ప్రమాదం రిపోర్టు ఉంది. అన్నీ ముందే నింపి ఉన్నాయి. కారణం అన్నచోట ఒక వాక్యం: శిక్షణ పొందిన ఆపరేటర్ శిక్షణను పాటించలేదు. కింద ట్రైనర్ సంతకానికి ఖాళీ. దానికి ఆ రోజు ఎనిమిది మందీ సంతకాలు పెట్టిన కాగితం కాపీ జతచేశారు.

దాన్ని తెచ్చింది మా షిఫ్ట్ సూపర్‌వైజర్. కరీంనగర్ అబ్బాయి, ముప్పై దాటాయి. అమెరికాలో ఎమ్మెస్ చేసి అక్కడ వీసా దొరక్క ఇటు వచ్చినవాడు. అతని పీఆర్ ఫైలు, అంటే ఇక్కడ స్థిరంగా ఉండిపోయేందుకు పెట్టుకున్న అర్జీ, అప్పుడే నడుస్తోంది, కంపెనీ లెటర్ మీదే ఆధారపడి ఉంది. మంచివాడు. నాకోసం ఎన్నోసార్లు ఓవర్‌టైమ్ సర్దాడు.

“ఆంటీ, సైన్ చేసేయండి. ఆడిట్ నెక్స్ట్ వీకే ఉన్నది. దీన్ని లాగితే అందరికీ ప్రాబ్లమ్ అయితది.”

“ఇందులో రాసింది నిజం కాదు.”

“ట్రైనింగ్ ఇచ్చిన్రు కదా? సైన్ చేసింది కదా ఆమె?”

“నేను సరిగ్గా చెప్పలేదు. ఆ అమ్మాయి నేను చెప్పిందే చేసింది. అది రాస్తే సైన్ చేస్తాను.”

అతను తలుపు వేసి వచ్చి కూర్చున్నాడు. “మీరు అట్ల రాస్తే మీ మీదికే వస్తది. ఇంకో ఏడాదిన్నరలో రిటైర్ అయితరు. ఎందుకు ఆంటీ ఇదంతా? ఆ అమ్మాయికి ఇన్సూరెన్స్ ఎట్లైనా వస్తది. తప్పెవరిదో వాళ్లు చూడరు.”

“ఏజెన్సీ వాళ్లు చూస్తారు. మాట వినని మనిషని రాసుకుని ఇంకెక్కడికీ పంపరు. అంతకంటే ముందు, వచ్చే శనివారం మిగిలిన ఏడుగురూ అదే ప్రెస్ దగ్గర నిలబడతారు బాబూ. వాళ్ల చెవిలో కూడా నా మాటే ఉంది.”

అతను కాగితం అక్కడే వదిలి వెళ్లాడు. నేను ముద్రించిన ఆ వాక్యం మీద అడ్డంగా గీత గీసి, కింద చేత్తో రాశాను. శిక్షణ ఇచ్చింది నేను. ప్రెస్ నడుస్తుండగా, నాకు సరిగా రాని భాషలో, వాళ్ల భాష కాని భాషలో ఇచ్చాను. అర్థమైందో లేదో చూడకుండా సంతకాలు తీసుకున్నాను. సంతకం ఖాళీలో మాత్రం ఏమీ పెట్టలేదు. సరిచేసిన రిపోర్టు తెస్తే పెడతానని రాసి మేనేజర్ గదిలో ఇచ్చి వచ్చాను. ఎవరూ తేలేదు.

ఆ రోజు నుంచి నాకు ఒక మొండితనం పట్టుకుంది. సోషల్ టీచర్ని కదా, పటం గీయడం నా పని. ప్లాంటు నమూనా కాగితం ఒకటి తీసుకుని, ఎవరు ఎక్కడ ఏ రోజు ఏ భాష మాట్లాడుతున్నారో గుర్తులు పెట్టడం మొదలుపెట్టాను. తగాలోగ్‌కి నీలం, గుజరాతీకి ఎరుపు. సోమవారం నుంచి శుక్రవారం దాకా లంచ్ రూమ్, ప్యాకింగ్, ఇన్‌స్పెక్షన్ అన్నీ నీలం. శనివారం పటం జ్ఞాపకం మీద వేస్తే, ఆరు ప్రెస్‌ల చుట్టూ ఎర్రగా నిండిపోయింది. గ్వెల్ఫ్ ఇళ్లలో వినపడని భాష గ్వెల్ఫ్ ప్రెస్‌ల దగ్గర వారానికి రెండు రోజులు తెల్లారిన దగ్గర్నుంచి సాయంత్రం దాకా వినపడుతోంది. మేనేజర్ చార్టు ఎవరు ఎక్కడ నిద్రపోతారో చెప్పింది. ఎక్కడ చేతులు పెడతారో చెప్పలేదు.

పటం ఉంటే చాలదు, లెక్క కూడా కావాలి. ఏజెన్సీ వాళ్లందరి పేర్లు నా దగ్గర లేవు. గురువారం లంచ్ అయ్యాక నా టేబుల్ మీద ఒక కవరు కనపడింది. అందులో నాలుగు వారాల గేటు కార్డుల లిస్టు ఉంది, ప్రెస్‌ల వారీగా. ఎవరు పెట్టారో నాకు తెలుసు. తలుపు దగ్గర నిలబడి కరీంనగర్ అబ్బాయి తన ఫోన్ చూసుకుంటున్నాడు. నేను పలకరించలేదు. తన పీఆర్ ఫైలు పణంగా పెట్టి ఇంత సాహసం చేసిన మనిషిని పలకరించి బయటపెట్టడం ఎందుకు.

శుక్రవారం తగాలోగ్ బోర్డులు వచ్చాయి. తళతళలాడే పసుపు పలకలు. వాటిని ప్రెస్‌లకు బిగించే పని ఆతెకు చెప్పారు, సేఫ్టీ కమిటీ మనిషి కాబట్టి. వాళ్ల భాషకు గౌరవం దక్కిందని ఆవిడ సంతోషపడుతుందని మేనేజర్ అనుకుని ఉంటాడు. నాకు మాత్రం భయం వేసింది. ఇరవై ఏళ్లుగా ఆ గోడల మీద తన భాష చూడాలని ఎదురుచూసిన మనిషిని ఇప్పుడు వద్దని అడగడం ఎలా? లంచ్ రూమ్‌లో ఆవిడ పక్కన కూర్చుని పటం విప్పి చూపించాను.

చాలాసేపు చూసింది. “ఈ బోర్డులో ఏముందో తెలుసా?” అంది. “మొదటి మాట ‘హువగ్’. అంటే వద్దు. మాకు వద్దు ముందు వస్తుంది. ఎవరైనా సగం విన్నా, వద్దు విన్నట్టే. అయినా మావాళ్లకు ఇది అక్కర్లేదు. ఆ ప్రెస్ మీద మావాళ్లు ఇద్దరే, ఇద్దరికీ ఇంగ్లిష్ నీకంటే బాగా వచ్చు.”

“మరి బిగిస్తావా?”

“నువ్వు చెప్పు, రేపు ప్రెస్ నడుస్తుందా?”

“నా మాట మీద నడవదు.”

“అయితే నేను కూడా రేపు వస్తాను,” అని ఆ పలకలను అట్టపెట్టెతో సహా తన లాకర్‌లో పెట్టి తాళం వేసింది.

శనివారం వ్యాన్లు వచ్చేసరికి నేనూ ఆతె మూడో ప్రెస్ ముందు నిలబడి ఉన్నాం. ఆంటారియోలో ఒక పని తనకో, పక్కవాళ్లకో ప్రమాదమని నమ్మితే పనివాడు ఆ పని చేయనని చెప్పొచ్చు. చెప్పాక ఎవరో ఒకరు వచ్చి చూసి తేల్చేదాకా అది ఆగాల్సిందే. ఈ సంగతి నేను ఏడేళ్లుగా కొత్తవాళ్లకు చెబుతూ వచ్చాను, ఒక్కసారి కూడా వాడలేదు. ఆ రోజు వాడాను. ఆరు ప్రెస్‌లకూ ఆరు తాళాలు వేసి, ఆరు తాళంచెవులూ జేబులో వేసుకున్నాను. వీళ్లకు వాళ్ల భాషలో శిక్షణ లేకుండా వీటిని నడపడానికి నేను ఒప్పుకోనని సూపర్‌వైజర్‌కి చెప్పాను. ఆతె కమిటీ తరఫున అదే మాట కాగితం మీద రాసింది. సూపర్‌వైజర్ మా ఇద్దరివైపూ చూసి, “నేను ఫోన్ చేయాలి ఆంటీ,” అని మాత్రం అన్నాడు. చెయ్యి బాబూ అన్నాను.

గంటలో మేనేజర్ వచ్చాడు. అన్నేళ్లలో ఆయనను శనివారం చూడడం అదే మొదటిసారి. పిల్లల హాకీ ప్రాక్టీసు నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, జాకెట్ కూడా విప్పలేదు.

“మీరేం చేస్తున్నారో తెలుసా?” అన్నాడు.

“తెలుసు. మీరు ఒక్క పది నిమిషాలు ఇక్కడ నిలబడండి,” అన్నాను.

“దేనికి?”

“వినడానికి.”

ప్రెస్‌లు ఆగి ఉన్నాయి కాబట్టి ఆ రోజు ప్లాంటులో మాటలు స్పష్టంగా వినపడుతున్నాయి. గోడవారన పాతికమంది పిల్లలు కూర్చుని మాట్లాడుకుంటున్నారు, ఏమవుతుందో తెలియని భయంతో. ఆయన నిలబడ్డాడు. ఆయన ముఖంలో మార్పు వచ్చిందని నేను చెప్పను, అబద్ధమవుతుంది. కోపంగానే ఉన్నాడు. కానీ విన్నాడు. “ఇదంతా గుజరాతీనా?” అని మాత్రం అడిగాడు.

అప్పుడు ఒక అమ్మాయి లేచి వచ్చింది. హాస్పిటల్లో చూసిన బెన్ రూమ్మేట్. ఇంగ్లిష్‌లో కూడబలుక్కుంటూ చెప్పింది. “సర్, ఐ ఆల్సో హియర్డ్ సేమ్. లైట్ ఆఫ్, పుట్ హ్యాండ్. ఐ ఆల్సో పుట్ హ్యాండ్, టూ టైమ్స్. మై లక్.” ఆమె వెనక ఇంకో ఇద్దరు చేతులెత్తారు. వాళ్లు కూడా పెట్టారట.

మేనేజర్ అప్పుడు నావైపు కాదు, ఆ అమ్మాయి చేతులవైపు చూశాడు. ఆయన అంకెల మనిషి కదా, లెక్క తెలిసి ఉంటుంది. పిల్లలను ఇళ్లకు పంపించేశాడు. మేము పని ఆపాం కాబట్టి సోమవారం ప్రభుత్వ ఇన్‌స్పెక్టర్ వచ్చింది. నా పటమూ, ఆ గేటు లిస్టూ, గీత గీసిన రిపోర్టూ చూసింది. లిస్టు ఎక్కడిదని అడిగితే నా టేబుల్ మీద దొరికిందన్నాను, అది నిజమే. ఆరు ప్రెస్‌లూ వారాంతంలో నడవాలంటే శిక్షణ మళ్లీ ఇవ్వాలని, గుజరాతీలో ఇవ్వాలని, నిశ్శబ్దంగా ఉన్న గదిలో ఇవ్వాలని రాసి వెళ్లింది.

బోర్డు మీద ఏ మాటలు పెట్టాలో ఎవరు చెబుతారని ప్రశ్న వచ్చింది. అనువాదం కంపెనీకి ఇద్దామన్నారు. నేను బెన్‌ని అడుగుదామన్నాను. కుడిచేతికి కట్టుతో ఆమె వచ్చింది. కంపెనీ పంపిన వాక్యం చూసి తల అడ్డంగా ఊపింది. వాళ్ల భాషలో కూడా మనలాగే నిషేధం చివరే వస్తుంది. ఆమె రూమ్మేట్‌ చేత రాయించింది, ముందు పెద్ద అక్షరాలతో ఎర్రగా ఒక్క మాట: ‘నా’. అంటే వద్దు. దాని కింద చిన్నగా, ‘హాథ్ నాఖ్‌వో నహీం’, చెయ్యి పెట్టొద్దని. “అది వ్యాకరణం కాదు కదా?” అని అడిగాను. “వ్యాకరణం ఎవరికి కావాలి ఆంటీ,” అంది. అంతే, అదే అచ్చయింది. ఆతె తన పలకలను కూడా లాకర్‌లోంచి తీసింది. రెండూ పక్కపక్కనే బిగించింది, ఎవరూ చెప్పకుండానే.

ఇక నా సంగతి. నన్ను ట్రైనింగ్ నుంచి తీసేశారు. ఆడిట్‌లో ట్రైనర్ తప్పు ఒప్పుకున్నట్టు రాతపూర్వకంగా ఉంది కాబట్టి వేరే దారి లేదన్నారు. చివరి పద్నాలుగు నెలలూ వెనక డాక్ దగ్గర, లారీల్లోంచి దిగే రబ్బరు చుట్టలకు స్టిక్కర్లు అతికించాను. చలికాలంలో ఆ తలుపు తెరిస్తే చెవులు తెగిపోయేవి. అది శిక్షే అనుకోండి. నేను చేసినదానికి నాకు కొంత శిక్ష పడాల్సిందే. కానీ అది పడాల్సింది శనివారం ప్రెస్‌లు ఆపినందుకు కాదు, అంతకు మూడు వారాల ముందు ఎనిమిది సంతకాలు తీసుకుని ఇంటికి వెళ్లినందుకు. వాళ్లు నన్ను శిక్షించింది ప్రెస్‌లు ఆపినందుకే. ఆ తేడా నాకు తెలుసు, వాళ్లకూ తెలుసు.

బెన్ డిప్లొమా పూర్తి చేసి రెజైనాలో ఒక గిడ్డంగిలో సూపర్‌వైజర్‌గా చేరింది. కరీంనగర్ అబ్బాయికి పీఆర్ వచ్చింది. అతను స్వీట్లు తెచ్చి డాక్ దగ్గరికే వచ్చి ఇచ్చాడు, అందరూ చూస్తుండగా. ఆతె నాకంటే ఒక నెల ముందు రిటైరయింది.

నా ఆఖరి రోజున హెచ్ఆర్ అమ్మాయి ఒక ఫారం తెచ్చింది. ఉద్యోగం గురించి పది ప్రశ్నలు. ఆమె కొత్తగా చేరింది, నా కథ తెలియదు. తనే ఒక్కొక్కటీ అడిగి రాసుకుంటోంది. చివరి ప్రశ్న, ఇక్కడ మీరు చేసిన పనుల్లో మళ్లీ అవకాశం వస్తే వేరేలా చేసేది ఏదైనా ఉందా అని.

“ఉంది,” అన్నాను. “ప్రెస్‌లు ఇంకో మూడు వారాల ముందే ఆపేదాన్ని.”

ఆమె కలం ఆపి నావైపు చూసింది. “అలాగే రాయమంటారా?”

“అలాగే రాయండి,” అని, రాసేదాకా కూర్చున్నాను.